అప్పు రేపు



మదీనా చౌరస్తా దాటి పత్తర్‌గట్టి రాతి కమానుల కిందుగా చార్మినార్ వైపు నడిస్తే, పాత దుకాణాల్లో గల్లాపెట్టె వెనక గోడకు అక్కడక్కడా ఇప్పటికీ ఒక అట్టముక్క కనిపిస్తుంది. ‘ఆజ్ నగద్, కల్ ఉధార్’, అంటే ఈ రోజు నగదు, రేపు అప్పు. మా గౌలిపురా కిరాణా కొట్లలో అదే మాట తెలుగులో ఇంకా పొదుపుగా ఉండేది: ‘అప్పు రేపు’. చిన్నప్పుడు మా తమ్ముడు ఆ బోర్డును నమ్మి, మర్నాడు పొద్దున్నే చక్కెరకు పరుగెత్తాడు. సేటు కోప్పడలేదు. బోర్డు మళ్ళీ ఒకసారి చదవమన్నాడు, అంతే.

శాలిబండలో నా పాత విద్యార్థి ఒకడు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతాడు. 2023 అసెంబ్లీ ఎన్నికల ముందు నా ఫోను అద్దం పగిలితే అతని దగ్గరికే వెళ్ళాను. పని జరుగుతుండగా మాటల్లో ఒక నాయకుడి సంగతి వచ్చింది. ఆయన పేరు చెప్పను, పార్టీ పేరూ చెప్పను. ఏళ్ళుగా వేళ్ళూనుకున్న పార్టీలో ఉంటూనే, దాన్ని లోపలి నుంచి మారుస్తానని చెప్పుకునే మనిషి. చదువుకున్నవాడు, నలుగురిలో మర్యాదగా మాట్లాడేవాడు. నాకు నచ్చాడు. మావాడికీ నచ్చాడట.

“మంచోడే సార్. కానీ అప్పు అడుగుతున్నడు” అన్నాడు, ఊడదీసిన స్క్రూలను వరసగా పేర్చుకుంటూ. “ఇప్పుడు ఓటెయ్యిండ్రి, పార్టీని తర్వాత మారుస్త అంటున్నడు. ఖాతా ఆయన పేరు మీద లేదు కద సార్, పార్టీ పేరు మీద ఉన్నది. రేపు ఆయన్నే తీసేస్తే నేను పోయి ఎవర్ని అడగాలె?”

అప్పటికి అతనికి ఇరవై మూడేళ్ళు. ముప్పై ఏళ్ళకు పైగా బడిపంతులుగా పనిచేసిన నేను ఆ ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పలేకపోయాను. ఈ పూట మీ ముందు చేస్తున్నది ఆ ప్రయత్నమే.

పంతుళ్ళకు బడితో పాటు ఎన్నికల డ్యూటీ కూడా ఉంటుందని మీకు తెలుసు. ముందురోజే ఈవీఎం పెట్టెలు అందుకుని బూత్‌కు చేరడం, తెల్లవారుజామున ఏజెంట్లు కళ్ళు నులుముకుంటూ వస్తే వాళ్ళ ముందు మాక్ పోల్ జరపడం, సాయంత్రం లెక్కలు సరిపోయేదాకా అదే కుర్చీకి అతుక్కుని ఉండడం. పాతబస్తీ బూత్‌లలో నేను చూసిన తీరు ఒకటుంది. ఏడు గంటలకు ముసలివాళ్ళు వస్తారు, కర్ర పట్టుకుని, ఇస్త్రీ షేర్వానీలో, పెళ్ళికి వచ్చినట్టు. ఎండ తగ్గాక ఆడవాళ్ళ వరస పెరుగుతుంది. కుర్రవాళ్ళు కూడా ఉంటారు గాని ఎక్కువ మంది బయట ఉంటారు: రెండు వందల మీటర్ల అవతల స్లిప్పులు రాసే బల్లల చుట్టూ, మోటారు సైకిళ్ళ మీద, ముసలమ్మలను ఆటోల్లో దింపుతూ. ఎన్నిక వాళ్ళ చేతుల మీదుగానే నడుస్తుంది. 17-ఏ రిజిస్టరులో సంతకం పెట్టడానికి మాత్రం అందులో కొందరే వస్తారు.

అంకెలు కొన్ని చెప్పాలి. 2023 నవంబరు 30న తెలంగాణలో అసెంబ్లీ పోలింగు జరిగితే రాష్ట్రం మొత్తం మీద 71 శాతం దాటింది. యాకుత్‌పురాలో 39.64. రాష్ట్రంలో అన్నిటికంటే అడుగున నిలిచిన నియోజకవర్గం అదే. మరుసటి ఏడు మే నెల లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్ స్థానంలో 48.48 శాతం వచ్చింది. దాన్నే మెరుగు అనుకున్నారు, అంతకుముందు 2019లో 45 కూడా దాటలేదు కనక. ఇందులో కొంత కాగితం మీది లెక్క అని ఒప్పుకోవాలి. పాతబస్తీలో ఇల్లు మారితే ఓటు మారదు. తాలాబ్‌కట్ట నుంచి బండ్లగూడ పోయిన కుటుంబం పేర్లు పాత గల్లీలోనే ఉంటాయి. గల్ఫ్‌లో పనిచేసే కొడుకు పేరు ఉంటుంది, అత్తగారింటికి వెళ్ళిన కూతురి పేరు ఉంటుంది, ఒక్కోసారి పోయిన తాత పేరూ ఉంటుంది. ఆ పేర్లన్నీ తీసేస్తే పది మందిలో ఆరుగురన్న లెక్క తగ్గుతుంది గాని, చాలామంది రాలేదన్న మాట అబద్ధం కాదు.

ఆ యాకుత్‌పురాలోనే ఆ ఏడు డిసెంబరు 3న ఓట్లు లెక్కిస్తే మజ్లిస్ (ఎంఐఎం) అభ్యర్థి జాఫర్ హుస్సేన్ మేరాజ్ గెలిచింది 878 ఓట్లతో. రెండో స్థానంలో ఉన్నది మజ్లిస్ బచావో తెహ్రీక్ నాయకుడు అంజదుల్లా ఖాన్. పక్కనే చాంద్రాయణగుట్టలో మజ్లిస్‌కే చెందిన అక్బరుద్దీన్ ఒవైసీ ఆధిక్యం 80 వేలు దాటినచోట, ఈ 878 ఏమిటని ఆ రాత్రి నగరమంతా ముక్కున వేలేసుకుంది. నాకు మాత్రం ఆ అంకెతో పాటు చాలా పాత కథ ఒకటి గుర్తొచ్చింది. నిజానికి రెండు కథలు.

మొదటిది ఇప్పటి పిల్లలెవరికీ తెలియదు. 1952లో దేశంలో తొలి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు, హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు శాలిబండ నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచింది ఒక ముస్లిం మహిళ. మాసూమా బేగం. తల్లి కాలం నుంచే స్త్రీల చదువు కోసం, పరదా చాటున మగ్గే జీవితాల కోసం పనిచేసిన ఇల్లు వారిది. 1957లో ఆమె పత్తర్‌గట్టి నుంచి మళ్ళీ గెలిచారు. 1960లో రాష్ట్ర మంత్రి కూడా అయ్యారు. పెద్ద పార్టీలో ఉంటూ సమాజాన్ని సంస్కరించాలనుకునే మనిషికి అంతకంటే మంచి నమూనా ఈ బస్తీలో మళ్ళీ దొరకలేదనే నేనంటాను. 1962లో పత్తర్‌గట్టిలోనే ఆమెను ఓడించిన యువకుడు సుల్తాన్ సలాహుద్దీన్ ఒవైసీ. 1948 పోలీసు చర్య తర్వాత మూతపడిన మజ్లిస్‌ను పదేళ్ళకు తిరిగి తెరిచిన అబ్దుల్ వాహెద్ ఒవైసీ కొడుకు. అప్పుడు ఆయన స్వతంత్ర అభ్యర్థి.

ఈ రోజు పాత పార్టీ అంటే ఈ బస్తీలో ఎవరైనా మజ్లిస్ కార్యాలయమైన దారుస్సలాం వైపు చూస్తారు. ఆ రోజు పాత పార్టీ కాంగ్రెస్. కొత్త గొంతు, కుర్రగొంతు మజ్లిస్‌ది. మాసూమా బేగం ఎందుకు ఓడిపోయారంటే ఆమె మీద కోపంతో కాదని నా లెక్క. 1948 తర్వాత కొలువులు పోయి, జాగీర్లు పోయి, జీతాల మీద బతికిన ఇళ్ళు ఒక్కసారిగా చితికిపోయిన బస్తీ ఇది. ఆ నష్టమంతా జనం రాసుకున్నది కాంగ్రెస్ ఖాతాలో. ఆమె చేసిన మంచి ఆమె ఖాతాలో ఉంది గాని, ఓటు పడాల్సింది పార్టీ గుర్తు మీద. నా విద్యార్థి 2023లో అన్న మాట పత్తర్‌గట్టి ఓటరుకు 1962లోనే తెలుసు.

రెండో కథలో నేను కూడా ఒక మూల నిలబడి ఉన్నాను. ఆ రోజుల్లో ఓటు 21 ఏళ్ళకు గాని వచ్చేది కాదు. నేను 1985 దాకా ఆగి మొదటి ఓటు వేశాను. రాజ్యాంగానికి 61వ సవరణ చేసి 1989లో వయసు 18కి దించారు. మా తమ్ముడు ఆగే పని లేకుండానే ఆ ఏడాదే వేలికి సిరా చుక్క పెట్టించుకుని వచ్చి నాకు చూపించాడు. నాకు కొంచెం ఈర్ష్య కలిగిందని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఆ తర్వాతి నాలుగైదేళ్ళు పాతబస్తీలో కుర్రవాడిగా ఉండడం అంటే 1990 డిసెంబరు కర్ఫ్యూలు, 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చివేత, ఆ తర్వాత నెలల తరబడి గల్లీల్లో ఒక రకం నిశ్శబ్దం. మా ఇరుగుపొరుగు ముస్లిం కుర్రవాళ్ళ కోపం ఢిల్లీ మీద ఎంతో, తమ నాయకుల మీద అంత. ఢిల్లీలో ఉన్న కాంగ్రెస్ ప్రభుత్వంతో మనవాళ్ళు గట్టిగా కొట్లాడలేదని వాళ్ళ ఆరోపణ.

ఆ కోపానికి గొంతు ఇచ్చినవాడు బయటివాడు కాదు. చాంద్రాయణగుట్ట నుంచి ఏళ్ళ తరబడి గెలుస్తూ వచ్చిన మజ్లిస్ పెద్ద, అమానుల్లా ఖాన్. 1993లో ఆయన పెట్టిన పార్టీ పేరు గమనించండి: మజ్లిస్ బచావో తెహ్రీక్. మజ్లిస్‌ను కాపాడే ఉద్యమం! ఇంట్లోంచి బయటికి వచ్చి కూడా, ఇల్లు నాదే, దాన్ని బాగుచేసుకోవడానికే వచ్చానని చెప్పిన పేరు అది. సంస్కరణ అన్న కోరికను పార్టీ పేరులోనే పెట్టుకున్న రాజకీయం ఇంకెక్కడైనా ఉందేమో నాకు తట్టడం లేదు.

1994 డిసెంబరు ఎన్నికల్లో కుర్రకారు దాన్ని ఎత్తుకుంది. తెహ్రీక్‌కు రెండు సీట్లు వచ్చాయి: చాంద్రాయణగుట్టలో అమానుల్లా ఖాన్, యాకుత్‌పురాలో ముంతాజ్ అహ్మద్ ఖాన్. అసలు మజ్లిస్‌కు దక్కింది ఒక్క చార్మినార్. అక్కడ గెలిచింది ఇరవై ఐదేళ్ళ అసదుద్దీన్ ఒవైసీ. అంటే కొత్తతరం ముఖం అటూ ఉంది, ఇటూ ఉంది. చివరికి నిలిచింది మజ్లిస్ వైపు ముఖమే. 1999లో అమానుల్లా ఖాన్‌ను ఆయన కోటలోనే అక్బరుద్దీన్ ఓడించారు. ముంతాజ్ అహ్మద్ ఖాన్ మజ్లిస్‌లోకి తిరిగి వెళ్ళిపోయి, యాకుత్‌పురా నుంచి నాలుగుసార్లు, 2018లో చార్మినార్ నుంచి ఒకసారి గెలిచారు. 2023లో ఆయనకు టికెట్టు రాలేదు. చార్మినార్‌లో మాజీ మేయర్ మీర్ జుల్ఫెకార్ అలీని నిలబెట్టారు.

ఇప్పుడు నా విద్యార్థి వయసు వాళ్ళ కళ్ళతో ఈ కథను చూడండి. ఎదిరించి బయట నిలబడినవాడు ఐదేళ్ళలో ఓడిపోయాడు. ఎదిరించి తిరిగి వెళ్ళినవాడు రెండు దశాబ్దాలకు పైగా ఎమ్మెల్యేగా ఉన్నాడు, అయినా చివరికి టికెట్టు ఇచ్చేదీ తీసేదీ వేరే చెయ్యే. ఇది చూసినవాడికి లోపలి నుంచి మారుస్తాననే మనిషి మీద నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

టికెట్టు అన్నాను గాని, మన దగ్గర అసలు మాట బీ-ఫారం. పేపర్లలో రోజూ చదువుతాం, దాన్ని కళ్ళారా చూసినవాళ్ళు తక్కువ. గుర్తుల ఉత్తర్వు అని 1968 నాటి నియమం ఒకటుంది. దాని ప్రకారం ఒక పార్టీ తరఫున సంతకం పెట్టే అధికారం ఎవరిదో చెప్పేది ఏ-ఫారం, ఆ అధికారంతో ఫలానా మనిషి మా అభ్యర్థి అని చెప్పేది బీ-ఫారం. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల లోపు రెండూ రిటర్నింగ్ అధికారికి చేరాలి. సంతకం సిరాతో చెయ్యాలి, రబ్బరు స్టాంపు పనికిరాదు. మూడు దాటితే ఎంత గొప్పవాడైనా స్వతంత్రుడే. నా ఉద్దేశంలో మన ప్రజాస్వామ్యంలో అన్నిటికంటే బరువైన కాగితం ఇదే. దానిమీద ఎవరి పేరు రాయాలో పార్టీ సభ్యులను అడగాలని ఏ చట్టమూ చెప్పదు. పార్టీలు లోపల ఎన్నికలు జరుపుకోవాలని లా కమిషన్ 1999లోనే 170వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ నివేదిక అలమరాలో భద్రంగా ఉంది.

దారుస్సలాం ఒక్కదాన్నే అనడం అన్యాయం. ముషీరాబాదులోనో జూబ్లీహిల్స్‌లోనో కూర్చుని పాతబస్తీ వాళ్ళను ఎద్దేవా చేసేవాళ్ళకు వాళ్ళ పార్టీల సంగతి గుర్తుచెయ్యాలి. బీఆర్ఎస్‌లో లోపాలున్నాయని పార్టీ అధినేత అయిన తండ్రికి ఉత్తరం రాసిన కవిత 2025 సెప్టెంబరు 2న సస్పెండయ్యారు, మర్నాడు పార్టీకీ ఎమ్మెల్సీ పదవికీ రాజీనామా చేశారు. ఆమెది సంస్కరణా, వాటాల తగువా అన్నది మీరు తేల్చుకోండి. సొంత కూతురు లోపలుండి మాట్లాడలేకపోయిందన్నది మాత్రం కుర్రవాళ్ళకు అర్థమైంది. పాతబస్తీ అంచునే ఉన్న గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్, బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడి ఎంపిక తీరు నచ్చక అదే ఏడాది జూన్ 30న పార్టీకి రాజీనామా ఇచ్చారు. ఆయన భాషతో, ఆయన రాజకీయంతో నాకు ఎంతమాత్రం పొసగదు. కానీ లాల్‌దర్వాజా కుర్రవాళ్ళు నాతో అన్నది ఇదే: “పైనుంచి వచ్చిన పేరే సార్, మనల్ని అడిగిందెవరు?” అక్కడి సింహవాహిని గుడి మెట్ల మీద అన్న మాటకూ శాలిబండ దుకాణంలో అన్న మాటకూ తేడా నాకైతే కనిపించలేదు.

బీ-ఫారం దాటి సభలోకి వెళ్ళాక రెండో తాళం ఉంది. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం. పార్టీ విప్ జారీ చేశాక దానికి విరుద్ధంగా ఓటు వేస్తే పదవి పోతుంది. ఉద్దేశం మంచిదే, డబ్బుకు అమ్ముడుపోయేవాళ్ళను ఆపడానికి పెట్టారు. జరిగిందేమిటంటే, మనస్సాక్షి కోసం ఒక్కడు ఎదురు తిరిగితే వేటు పడుతుంది; మూడింట రెండొంతుల మంది కలిసికట్టుగా గోడ దూకితే దాన్ని విలీనం అంటారు. 2019 జూన్‌లో తెలంగాణ కాంగ్రెస్ శాసనసభా పక్షంలో ఉన్న 18 మందిలో 12 మంది అప్పటి టీఆర్ఎస్, ఇప్పటి బీఆర్ఎస్‌లో అలాగే కలిసిపోయారు. గాలి మారాక బీఆర్ఎస్ నుంచి పది మంది కాంగ్రెస్ వైపు వచ్చారన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న కోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. పాతబస్తీలో పెద్దవాళ్ళు ఇక్కడ ఒక మాట అంటారు, దాన్ని కొట్టిపారెయ్యలేం: “మావాళ్ళు ఇంకేం చేసినా చెయ్యకున్నా, గెలిచినంక పార్టీ మారరు భాయ్.” తొంభైల నాటి చీలికను పక్కన పెడితే అది నిజం. పార్టీ మారకుండానే ఒకప్పుడు కాంగ్రెస్‌తో, తర్వాత టీఆర్ఎస్‌తో, 2025 జూబ్లీహిల్స్ ఉప ఎన్నికలో మళ్ళీ కాంగ్రెస్‌తో దోస్తీ చేశారన్నది కుర్రవాళ్ళు దానికి చెప్పే జవాబు.

లోపలి నుంచి మార్చడం ఎక్కడా కుదరదా అంటే, న్యూయార్క్ నగరంలో ఈ మధ్య జరిగింది చూశారుగా. సినిమా దర్శకురాలు మీరా నాయర్ కొడుకు జోహ్రాన్ మమ్దానీ 2025 జూన్‌లో డెమొక్రటిక్ పార్టీ లోపలి పోటీలో మాజీ గవర్నర్ ఆండ్రూ క్వోమోను ఓడించి, నవంబరులో మేయరుగా గెలిచాడు. 34 ఏళ్ళు. పార్టీ పెద్దల్లో చాలామందికి ఇష్టం లేకపోయినా గెలిచాడు. మావాడి దుకాణంలో పిల్లలు ఆ వీడియోలన్నీ చూశారు. “మన దగ్గర ఇట్ల ఎందుకు కాదు సార్?” అన్నారు. ఈ పిల్లల తెలివి తక్కువనీ, ఇక్కడి నాయకులు చిన్నవాళ్ళనీ కాదు, అక్కడ బీ-ఫారం మీద సంతకం పెట్టేది ఒక రకంగా ఓటర్లు. పార్టీలో పేరు నమోదు చేసుకున్న మామూలు మనిషి వెళ్ళి, మా అభ్యర్థి వీడని ఓటు వేసి వస్తాడు. పాత పార్టీని లోపల నుంచి మార్చడానికి అక్కడ తలుపు ఒకటుంది. మన దగ్గర కిటికీ కూడా లేదు. యువజన కాంగ్రెస్‌లో లోపలి ఎన్నికలు పెట్టాలని రాహుల్ గాంధీ మొదలుపెట్టిన ప్రయోగం గుర్తుండే ఉంటుంది. మాజీ ఎన్నికల కమిషనర్లను పిలిచి మరీ జరిపించారు. సభ్యత్వాలు గంపగుత్తగా చేర్పించగలిగిన వాళ్ళ పిల్లలదే పైచేయి అయిందన్న విమర్శ దాన్ని వదల్లేదు.

మరి ఈ పిల్లలు దేన్నీ నమ్మరా? నమ్ముతారు. నగదుకు నమ్ముతారు. 2020 అక్టోబరు మధ్యలో వచ్చిన వానల వారం మీకు గుర్తుండే ఉంటుంది. గుర్రం చెరువు పొంగి హఫీజ్‌బాబానగర్ మునిగింది, ఫలక్‌నుమా పక్క అల్ జుబైల్ కాలనీలో ఇళ్ళ మొదటి అంతస్తు దాకా నీళ్ళు. ఆ వారమంతా నడుము లోతు నీళ్ళలో అన్నం పొట్లాలు పంచినవాళ్ళలో అన్ని పార్టీల కుర్రవాళ్ళూ ఉన్నారు, ఏ పార్టీ లేనివాళ్ళూ ఉన్నారు. ఎవరు ఏ గల్లీకి వచ్చారో, ఎవరు ఫోటో దిగి వెళ్ళారో నా విద్యార్థి ఇప్పటికీ వేళ్ళ మీద చెబుతాడు. నెలన్నర తర్వాత డిసెంబరు 1న కార్పొరేషన్ ఎన్నికలు వచ్చాయి. నగరంలో టీఆర్ఎస్ 99 నుంచి 56కు దిగింది, బీజేపీ 4 నుంచి 48కి ఎగిరింది. మజ్లిస్ 2016లో 44, ఈసారీ 44. ఒక్క సీటు అటూ ఇటూ కాలేదు. బయటివాళ్ళు దాన్ని గుడ్డి నమ్మకం అన్నారు. నేను అలా అనను. ఆస్పత్రిలో మంచం కావాలన్నా, రేషన్ కార్డు ఆగిపోయినా, కొడుకును స్టేషన్‌లో కూర్చోబెట్టినా దారుస్సలాంకు వెళ్తే వినేవాడు ఒకడుంటాడు. ఆ వినడం కూడా నగదే. సంస్కర్త వచ్చి పార్టీ రాజ్యాంగం మారుస్తానంటాడు, స్థానిక నాయకుడు నల్లా కనెక్షన్ ఇప్పిస్తానంటాడు. నీళ్ళ బిందె పట్టుకుని నిలబడ్డ తల్లిని చూసిన కుర్రవాడు ఏది ఎంచుకుంటాడో చెప్పడానికి సర్వేలు అక్కర్లేదు.

ఇప్పుడు మెట్రో వస్తోంది. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు. 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. అంతకుముందు పదేళ్ళకు పైగా ఫలక్‌నుమా దాకా అన్న లైను కాగితం మీదే నానింది. రోడ్డు వెడల్పు కోసం పోయే ఆస్తులకు చదరపు గజానికి 81,000 రూపాయలు ఖరారు చేసి, 2025 జనవరిలో చెక్కులు ఇచ్చారు. దారుల్‌షిఫా నుంచి శాలిబండ దాకా ముందుభాగాలు కోసేసిన ఇళ్ళు ఇప్పుడు బొమ్మరిల్లులా లోపలి గదులు చూపిస్తూ నిలబడ్డాయి. ఒక గోడకు పచ్చటి గూడు, అందులో ఎవరో మర్చిపోయిన సుర్మాదాని. మావాడి దుకాణం కూడా వెనక గల్లీలోకి జరిగింది. యజమానికి చెక్కు వచ్చింది. కిరాయికి ఉన్నవాడికి కొత్త బోర్డు ఖర్చు వచ్చింది. మావాడి తీర్పు: “చెక్కు ఇచ్చిండ్రు, అది ఒప్పుకుంట. రైలు ఎక్కినంక మిగిలింది చూద్దాం.”

ఇంతవరకు పిల్లల పక్షాన మాట్లాడాను. ఒక్కచోట వాళ్ళతో నాకు తగువుంది. పాత పార్టీలో ఉన్న సంస్కర్తను నమ్మకపోవడం వేరు, నమ్మడం లేదని ఓటు రోజు ఇంట్లో పడుకోవడం వేరు. ఓటు శాతం నలభై దగ్గర ఆగిన చోట గెలుపు ఎవరిది? బల్లలు వేసి, స్లిప్పులు రాసి, ఆటోలు పెట్టి తన మనుషులను బూత్ దాకా తేగలిగినవాడిది. సంస్కర్తకు ఆటోలుండవు. ఆయన ఓటరు తనంతట తాను లేచి రావాలి. రాకపోతే పార్టీ పెద్దలు లెక్క చూసుకుని, ఇతనికి బీ-ఫారం ఇస్తే వచ్చిందేమిటి, పోయిందేమిటి అంటారు. వాళ్ళ లెక్క తప్పని నేను కూడా చెప్పలేను. యాకుత్‌పురాలో 878 ఓట్ల తేడా తేలిన రోజు దారుస్సలాంలో కూడా ఎవరో ఒకరు బూత్‌ల వారీగా కాగితాలు ముందేసుకుని కూర్చుని ఉంటారు. ఏ గల్లీ ఎందుకు జారిందో అడిగి ఉంటారు. ఏళ్ళ తరబడి లోపల ఉండి బతిమాలిన సంస్కర్త అడిగించలేని ప్రశ్న అది. ఆ ఓట్లలో కుర్రవాళ్ళవి ఎన్నో ఎవరూ చెప్పలేరు, పెట్టె చెప్పదు. 1994లో వాళ్ళ నాన్నలు అడిగిన ప్రశ్ననే వీళ్ళు ముప్పై ఏళ్ళకు మళ్ళీ అడిగారని నాకనిపిస్తుంది, ఈసారి రాళ్ళూ కర్ఫ్యూలూ లేకుండా.

ఇదంతా ఈ మధ్య ఒక సాయంత్రం ఆ కొత్త గల్లీ దుకాణంలో కూర్చుని మావాడికి చెప్పాను. రెండు ఇరానీ చాయ్‌లు అయ్యాయి. వాడు ఓపిగ్గా విన్నాడు. అంతా విని, “సార్, ఒక మాట చెప్త, తిట్టొద్దు” అన్నాడు. 2023లో గాని, 2024లో గాని వాడు ఓటు వెయ్యలేదు. నమ్మకం లేక కాదు. జాబితాలో అసలు పేరే లేదట. పద్దెనిమిది నిండి ఏడేళ్ళయినా పేరు చేర్పించుకునే ఫారం-6 నింపలేదు. నాకు అప్పూ ఖాతా అని అంత పాఠం చెప్పినవాడు!

తిట్టాననుకోండి. తర్వాత వాడి ఫోనులోనే ఎన్నికల సంఘం యాప్ తెరిపించాను. ఇదివరకు జనవరి 1 ఒక్కటే లెక్క, ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలున్నాయి, ఎప్పుడైనా చేర్చుకోవచ్చని చెప్పాను. వాడి తమ్ముడికి పదిహేడు నిండాయి, వాడు కూడా ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చంటే లోపలి నుంచి పిలిచాడు. ఫోటో దగ్గర కొంచెం ఆలస్యమైంది. వెనక గోడకు పాత ఫోన్ల కవర్లు వేలాడుతున్నాయి, తెల్లటి గుడ్డ ఒకటి వెతికి కట్టాం. చిరునామా రుజువు దగ్గర మళ్ళీ ఆగాడు.

“కరెంటు బిల్లు నాన్న పేరు మీద ఉన్నది సార్. నడుస్తదా?”

“దీనికి నడుస్తది” అన్నాను.